చిట్టి చుర్రోస్... గట్టి లెక్క!

కప్పు మైదా, జంతికల గొట్టం, ఒక నోట్‌బుక్‌. ఇంటర్వ్యూలో తడబడకుండా చెప్పుకోగల సొంత ప్రాజెక్టుకు ఇవి సరిపోతాయి. ఈ ఆదివారం వంటింట్లో ప్రయత్నించి చూడండి.

'మీరు సొంతంగా చేసిన ప్రాజెక్టు గురించి చెప్పండి.'

ఈ ప్రశ్న రాగానే మనలో చాలామందికి గొంతు తడారిపోతుంది. ఫైనలియర్‌ ప్రాజెక్టు మీద నలుగురి పేర్లుంటాయి, చేసేది ఒక్కరే. ఒక్కోసారి ఆ ఒక్కరూ చేయరు, ఎక్కడి నుంచో కొనుక్కొస్తారు. నేనూ అలాంటి నలుగురిలో ఒకణ్నే. మొదటి ప్రశ్నకు బట్టీ పట్టిన జవాబు చెప్పేశా. 'సరే, ఈ విలువ ఇంతే ఎందుకు పెట్టారు?' అని రెండోది అడిగారు. నీళ్లు నమిలా. ఆ ఉద్యోగం రాలేదు.

'ఎందుకు' అన్న ప్రశ్నకు నేను మొదటిసారి సూటిగా జవాబు చెప్పగలిగింది నరసాపురంలో మా వంటింట్లో చేసిన ఓ పని గురించి. అది యాప్‌ కాదు, వెబ్‌సైట్‌ కూడా కాదు. దాల్చిన చక్కెర అద్దిన చిట్టి చుర్రోస్‌. నవ్వొస్తోంది కదా? చివరిదాకా చదివాక చెప్పండి.

పేరు కొత్తది, పని పాతదే

చుర్రోస్‌ది స్పెయిన్‌. అక్కడ పొద్దున్నే వేడివేడిగా వేయించి, చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. దాల్చిన, చక్కెర అద్దుకునే పద్ధతి మెక్సికోలో, అమెరికాలో ఎక్కువ. మామూలుగా జానెడు పొడవుంటాయి. మనం చేసేవి మాత్రం ఒక్క నోటికి సరిపోయే బుల్లి ముక్కలు.

వీడియోలు చూసి, కొలతలు రాసుకుని, పెద్ద శాస్త్రవేత్తలా నేను పిండి కలుపుతుంటే మా అమ్మ ఓసారి తొంగి చూసింది.

"ఏంట్రా అది? తాలికల పిండిలా ఉంది."

నిజమే. వినాయక చవితికి పాలతాలికలు చేసేటప్పుడు మరిగే నీళ్లలో పిండి పోసి ఉడకబెడతారు. చుర్రోస్‌కీ అంతే. తర్వాత దాన్ని గొట్టంలో వేసి ఒత్తాలి. అది మన జంతికల గొట్టం పనే. వేయించాక తీపి పట్టించాలి. అది గవ్వలకు చేసేదే, కాకపోతే బెల్లం పాకం బదులు పొడి చక్కెర. అంటే వంటకం కొత్తదైనా అందులోని మూడు పనులూ మన ఇళ్లలో వచ్చినవే. మీ ఇంట్లో జంతికలు ఒత్తేవాళ్లుంటే మీకు సగం ట్రైనింగ్‌ ఫ్రీ.

మొదటి వెర్షన్‌: కొలతలివీ

కోడిగుడ్డు లేకుండా చేసే పద్ధతి ఇది. నీళ్లు 240 మిల్లీలీటర్లు, మైదా 125 గ్రాములు, నూనె 2 టేబుల్‌ స్పూన్లు, చక్కెర 2 టేబుల్‌ స్పూన్లు, ఉప్పు అర టీస్పూను. అద్దడానికి చక్కెర 100 గ్రాములు, దాల్చిన పొడి ఒక టీస్పూను. వేయించడానికి నూనె వేరే. వీలైతే కప్పు వాడకండి, కిచెన్‌ తూకం వాడండి. ఒకే కప్పులో పిండి వదులుగా పోస్తే ఒక బరువు, నొక్కి పోస్తే ఇంకో బరువు వస్తుంది. మొదటి తప్పు అక్కడే మొదలవుతుంది.

నీళ్లు, నూనె, చక్కెర, ఉప్పు కలిపి మరిగించండి. తెర్లుతున్నప్పుడు స్టవ్‌ ఆపి, జల్లించిన మైదా అంతా ఒకేసారి పోసి చెక్క గరిటెతో గట్టిగా తిప్పండి. పొడి పిండి కనబడకుండా, గిన్నె అంచుల్ని వదిలి ముద్దయ్యే దాకా తిప్పాలి. తర్వాత పది నిమిషాలు చల్లారనివ్వండి. గోరువెచ్చగా అయ్యాక లోపల గాలి మిగలకుండా ముద్దను బాగా మెదిపి గొట్టంలో నింపండి.

ఇక్కడ మొదటి 'ఎందుకు'. 125 గ్రాముల పిండికి 240 మిల్లీలీటర్ల నీళ్లా? చపాతీ పిండికి ఇందులో మూడో వంతు పోస్తే చాలు. చన్నీళ్లతో ఇంత పోస్తే దోసెల పిండిలా జారిపోతుంది. మరిగే నీళ్లు తగిలితే మైదాలోని పిండిపదార్థం ఉబ్బి, నీళ్లను తనలో పట్టి ఉంచుతుంది. అందుకే అంత నీరున్నా ముద్ద నిలబడుతుంది. నూనెలో పడ్డాక ఆ నీరే ఆవిరై లోపల గుల్లబరుస్తుంది. పైన కరకర, లోపల మెత్తన. చుర్రోస్‌ రుచి అంతా ఈ తేడాలోనే ఉంది.

గొట్టాన్ని నూనె మీద పెట్టి నేరుగా ఒత్తకండి. నూనె రాసిన పళ్లెంలో పొడుగ్గా ఒత్తి, కత్తెరతో 3 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. కడాయిలో నూనె సగానికి మించకూడదు. వేడి 175 నుంచి 185 డిగ్రీల సెల్సియస్‌ మధ్య ఉండాలి. థర్మామీటర్‌ లేకపోతే చిన్న పిండి ముక్క వేసి చూడండి. మునిగి, బుడగలతో పైకి తేలితే సరైన వేడి. వేసిన వెంటనే ఎగిరొచ్చి నల్లబడితే ఎక్కువైనట్టు. చిల్లుల గరిటెతో పది పన్నెండు ముక్కలు జారవిడిచి, మూడు నాలుగు నిమిషాలు బంగారు రంగు వచ్చే దాకా వేయించండి. కాగితం మీదకు తీసి ఒక నిమిషం ఆగి, ఇంకా వేడిగా ఉండగానే చక్కెరలో దొర్లించండి. చల్లారాక దొర్లిస్తే చక్కెర అంటదు.

నక్షత్రం బిళ్లే ఎందుకు?

జంతికల గొట్టంతో పాటు వచ్చే బిళ్లల్లో నక్షత్రం ఆకారం రంధ్రం ఉన్నది ఒకటుంటుంది. చుర్రోస్‌కు అదే వాడాలి. అందం కోసం పెట్టిన షరతు కాదిది.

నా మొదటి బ్యాచ్‌లో ఆ బిళ్ల కనబడక గుండ్రటి రంధ్రం ఉన్నది బిగించేశా. ముక్కలు నున్నగా, ముద్దుగా వచ్చాయి. నూనెలో వేసిన రెండు నిమిషాలకు ఒకటి 'ఠప్‌' మని పేలి, నూనె నా మణికట్టు మీద పడింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

కారణం చాలా సింపుల్‌. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. నున్నటి ముక్కకు పైన తోలు త్వరగా గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆవిరికి దారి దొరక్క పేలుతుంది. నక్షత్రం ఆకారంలో గాళ్లుంటాయి. అవి ముక్క సాగడానికి చోటిస్తాయి, వేడి సమానంగా లోపలికి చేరేలా చూస్తాయి. గొట్టం నింపేటప్పుడు గాలి బుడగలు మిగిలినా, నూనె మరీ కాగినా ఇదే ప్రమాదం.

ఇదేదో చిన్న విషయం అనుకోకండి. చిలీ దేశంలో 'లా తెర్సెరా' అనే దినపత్రిక 2004లో చుర్రోస్‌ తయారీ విధానం ప్రచురించింది. చూసి చేసిన పాఠకులకు వేడి నూనె చిమ్మి ఒళ్లు కాలింది. అచ్చు వేసే ముందు ఆ వంటకాన్ని సరిగ్గా పరీక్షించలేదంటూ, గాయపడిన 13 మందికి పరిహారం చెల్లించాలని ఆ దేశ సుప్రీంకోర్టు 2011లో ఆదేశించింది. మీరు చదువుతున్నదీ దినపత్రికలో వచ్చిన వంటకమే! కాబట్టి ఈ నాలుగూ దాటేయొద్దు: నక్షత్రం బిళ్ల, గాలి లేని ముద్ద, 185 డిగ్రీలు దాటని నూనె, కడాయికి చేయి చాచినంత దూరం. పక్కనే సరిపడే మూత పెట్టుకోండి. నూనె అంటుకుంటే స్టవ్‌ ఆపి మూత పెట్టాలి. నీళ్లు మాత్రం పోయకూడదు.

ఇంటర్వ్యూ భాషలో దీన్ని 'ఫెయిల్యూర్‌ అనాలిసిస్‌' అంటారు. నేను నేర్చుకున్నది క్లాసులో కాదు, కడాయి దగ్గర.

డీబగ్గింగ్‌ ఇలా చేయండి

నోట్‌బుక్‌లో ప్రతి బ్యాచ్‌కు ఒక వరుస రాయండి. తేదీ, నీళ్లు, పిండి, నూనె వేడి, వేగిన సమయం, ఎన్ని ముక్కలొచ్చాయి, ఎన్ని పాడయ్యాయి, మొత్తం ఎంత సేపు పట్టింది.

నూనె పీల్చి జిడ్డుగా వస్తే వేడి చాల్లేదు, లేదా ఒకేసారి ఎక్కువ ముక్కలు వేసేశారు. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే వేడి ఎక్కువైంది. గీతలు చెరిగి ముద్దగా వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి. ఒత్తేటప్పుడు విరిగిపోతుంటే పిండి ఎక్కువైంది, లేదా మరీ చల్లారింది.

ఒక్క నియమం తప్పనిసరి. ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ మధ్య ఒక్కటే మార్చండి. నీళ్లు తగ్గించి, వేడి కూడా పెంచి, అదృష్టం బాగుండి రుచి కుదిరితే ఏది పనిచేసిందో మీకే తెలీదు. కోడ్‌లో ఒకేసారి పది లైన్లు మార్చి 'రన్‌ అయింది' అని సంబరపడటం లాంటిదే అదీ.

ఇంకో పరీక్ష కూడా చేయండి. అయిదు ముక్కలు పళ్లెంలో, అయిదు డబ్బాలో పెట్టి అరగంటకు, గంటకు, రెండు గంటలకు, మర్నాడు పొద్దున కొరికి చూడండి. మాది గోదావరి ఒడ్డు, సముద్రం దగ్గర్లోనే. గాలిలో తేమకు చక్కెర చెమ్మగిల్లుతుంది, లోపలి తడి పైకి పాకుతుంది. సాయంత్రం కరకరలాడినవి పొద్దుటికి రబ్బరులా సాగాయి. దాన్నిబట్టి నాకు అర్థమైంది, చుర్రోస్‌ అప్పటికప్పుడు వేడిగా ఇవ్వాల్సిన సరుకు. షాపులో సీసాలో పెట్టి అమ్మేది కాదు.

నిలవ ఉండేదే కావాలంటే గవ్వలున్నాయిగా! గట్టిగా కలిపిన పిండి, తక్కువ నీరు, సన్నటి మంట. గవ్వల చెక్క మీద ఒత్తి నిదానంగా వేయిస్తే రోజుల తరబడి కరకరలాడతాయి. వాటినే దాల్చిన చక్కెరలో దొర్లించి చూశా. మా వీధిలో పిల్లలకు చుర్రోస్‌ కన్నా అవే నచ్చాయి. ఈ సంగతి తెలిసింది కూడా పరీక్ష పెట్టాకే.

చెక్క మాటేమిటి?

దాల్చినచెక్క అని మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది కాసియా. మందంగా, గట్టిగా, ఒకే పొర చుట్టుకుని ఉంటుంది. ఘాటు ఎక్కువ. శ్రీలంక నుంచి వచ్చే అసలు దాల్చిన కాగితంలా పల్చటి పొరలుగా ఉంటుంది, చేత్తో నలిపితే పొడవుతుంది, వాసన సున్నితం. మా పక్కనే పాలకొల్లులో గిడ్డంగులు పెట్టిన డచ్‌ కంపెనీయే 17వ శతాబ్దంలో ఆ శ్రీలంక దాల్చిన వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ఇంట్లో తినడానికి రెండూ పనికొస్తాయి. అమ్మేటప్పుడు మాత్రం మన దేశ ఆహార ప్రమాణాలు రెండింటినీ వేర్వేరుగా చూస్తాయి. ప్యాకెట్‌ మీద రాసింది ఏదో లోపల ఉన్నదీ అదే కావాలి.

లాభమా? లెక్క చూడండి

అసలు పాఠం ఇక్కడుంది. ఒక బ్యాచ్‌కు సుమారు 80 ముక్కలు, పదేసి చొప్పున 8 ప్యాకెట్లు అనుకుందాం. ధరలు ఉదాహరణ కోసం వేసినవే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

మైదా 6 రూపాయలు, చక్కెర 6, ఖర్చయిన నూనె 15, దాల్చిన 3, గ్యాస్‌ 5, ప్యాకింగ్‌ 32. మొత్తం 67. ప్యాకెట్‌ 20 రూపాయలకు అమ్మితే 160 వస్తాయి. 'అరె, 93 రూపాయల లాభం!' అని నేనూ ఎగిరి గంతేశా.

ఆ బ్యాచ్‌కు గంటన్నర పట్టింది. గంటకు 80 రూపాయలు నా కూలీ అని రాస్తే 120. అప్పుడు ఖర్చు 187. లాభం పోయి 27 రూపాయల నష్టం తేలింది.

ఈ లెక్క మా అమ్మకు చూపించా. ఆమె చాలా ఏళ్లు లేసు అల్లింది. కాగితం వైపు కాసేపు చూసి అడిగింది.

"నీ గంటకి ఎనభై వేసుకున్నావు సరే. మరి నా లేసుకి?"

"ఎంత ఇచ్చేవారే?"

"ముక్కకింతని ఇచ్చేవారు. గంటలెవరు లెక్కేశారు?"

నా దగ్గర మాట లేదు. నరసాపురం చుట్టుపక్కల క్రోషే లేసు అల్లికకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. మిషనరీలు నేర్పిన ఆ పనిని ఆడవాళ్లు ఇళ్లలోనే కూర్చుని చేశారు, సరుకు విదేశాలకు వెళ్లింది. జర్మనీకి చెందిన మరియా మీస్‌ అనే సామాజిక శాస్త్రవేత్త ఇక్కడ పరిశోధన చేసి 'ది లేస్‌ మేకర్స్‌ ఆఫ్‌ నర్సాపూర్‌' అనే పుస్తకం రాశారు. 1982లో వచ్చింది. అందులో ఆవిడ చూపించింది ఇదే. ఇంట్లో ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసే కాలక్షేపం అన్న ముద్ర వేయడంతో అది పనిగానే లెక్కకు రాలేదు, అల్లినవాళ్ల చేతికి వచ్చింది చాలా తక్కువ. అదే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరు వచ్చింది, సంతోషమే. మా అమ్మ అల్లిన గంటల లెక్క మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు.

అందుకే చెప్తున్నా, ఇంట్లో చేసేదైనా సరే మీ గంటలకు ధర రాయండి. మీకు సాయం చేసిన అమ్మ గంటలకు, చెల్లి గంటలకు కూడా రాయండి. ఇంటి నుంచి మొదలైన చాలా వ్యాపారాల్లో 'లాభం' అని కనబడేది ఇంట్లోవాళ్ల రాయని కూలీయే.

లెక్క రాస్తే దారీ కనబడుతుంది. రెండు బ్యాచ్‌ల పిండి ఒకేసారి చేస్తే సమయం రెట్టింపు కాలేదు, రెండు గంటలే పట్టింది. సరుకు ఖర్చు 134, కూలీ 160, మొత్తం 294. పదహారు ప్యాకెట్లకు 320. మిగిలింది 26 రూపాయలు. నష్టం లాభంలోకి వచ్చింది. కానీ అందులో రెండు ప్యాకెట్లు మిగిలిపోతే? 40 రూపాయలు పోయి మళ్లీ 14 నష్టం. కాబట్టి ముందు ఆర్డర్లు తీసుకోవాలి, తర్వాతే పొయ్యి వెలిగించాలి. లేదంటే ప్యాకింగ్‌ ఖర్చు తగ్గించాలి, సరుకు ఖర్చులో అన్నింటికన్నా పెద్దది అదే మరి. ఈ నిర్ణయాలేవీ రుచి చూసి తీసుకోలేం. కాగితం మీద లెక్క చూసే తీసుకోగలం.

అమ్మే ఆలోచన ఉంటే

ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు కావాల్సిందే. 2011 నాటి నిబంధనల్లో ఏడాది టర్నోవర్‌ 12 లక్షల రూపాయల లోపు ఉన్న చిన్న తయారీదారులకు లైసెన్స్‌ బదులు రిజిస్ట్రేషన్‌ చాలన్నారు, రుసుము ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. దరఖాస్తు 'ఫాస్కాస్‌' పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. దరఖాస్తు చేసే రోజు తాజా పరిమితి, రుసుము అక్కడే సరిచూసుకోండి. వచ్చే 14 అంకెల నంబరును ప్యాకెట్‌ మీద వేయాలి. దాంతోపాటు పదార్థాల పేర్లు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలో, మీ చిరునామా, శాకాహార గుర్తు ఉండాలి.

చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ అనే పథకం తెచ్చింది. బ్యాంకు రుణంతో పెట్టే యూనిట్‌కు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇందులో పెట్టారు. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. నా సలహా అయితే ఒకటే. ఇరవై బ్యాచ్‌ల లెక్క చేతిలో లేకుండా అప్పు జోలికి వెళ్లొద్దు. ఉద్యోగం రాలేదన్న కసితో తీసుకున్న అప్పు, ఉద్యోగం వచ్చాక కూడా వదలదు.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

చుర్రోస్‌ చేశానంటే ఎవరూ ఆఫర్‌ లెటర్‌ చేతిలో పెట్టరు. ఆ భ్రమ వద్దు. కానీ 'హార్డ్‌వర్క్‌ నా బలం' అనడానికీ, ఈ కింది మాటలు చెప్పడానికీ చాలా తేడా ఉంది.

'సర్‌, ఇంట్లో ఒక వంటకాన్ని ఎనిమిది బ్యాచ్‌లుగా పరీక్షించాను. మొదటి బ్యాచ్‌లో ముక్క పేలింది. కారణం ఆకారంలో ఉందని తేల్చుకుని బిళ్ల మార్చాను. ప్రతిసారీ ఒక్క అంశమే మార్చి ఫలితం రాసుకున్నాను. లాభం అనుకున్నది నా సమయం కలిపితే నష్టమని తెలిసింది. బ్యాచ్‌ సైజు పెంచి సరిచేశాను.'

ప్రొడక్షన్‌, క్వాలిటీ, సేల్స్‌, సాఫ్ట్‌వేర్‌ టెస్టింగ్‌... ఏ ఉద్యోగానికి వెళ్లినా వాళ్లు వెతికేది ఈ పద్ధతినే. రెండో ప్రశ్న 'ఎందుకు?' అని వచ్చినా మీరు తడబడరు, ఎందుకంటే చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది మర్చిపోయే పని లేదు. ఒక్క షరతు, చేయని బ్యాచ్‌ను చేశానని చెప్పకండి. నిజంగా మూడే చేస్తే మూడనే చెప్పండి. నోట్‌బుక్‌ ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి.

చుర్రోస్‌ నచ్చకపోతే గవ్వలు చేయండి, కాజాలు చేయండి, మీ ఊళ్లో ఏది బాగా చేస్తారో అదే తీసుకోండి. తూకం, థర్మామీటర్‌, లెక్క మాత్రం మారవు.

ఈ ఆదివారం మొదలుపెడదామా? అయితే ముందు నోట్‌బుక్‌ తెరిచి, మొదటి గడిలో టైము రాయండి. పొయ్యి తర్వాత వెలిగిద్దురుగాని.